ఫ్రిజ్ ఎవరిదని నేను అడగలేదు

మా ఆఫీసులో కొత్తగా చేరిన అమ్మాయి మొన్న మా ఇంటికొచ్చి, "మేడమ్, హోమ్ స్టడీకి వెళ్ళేముందు ఏం చదువుకోమంటారు?" అని అడిగింది. రూల్స్ పుస్తకం ఉంది కదా, అది శుభ్రంగా చదువుకో అన్నాను. కాఫీ ఇచ్చాను, పంపించేశాను. ఆ పిల్ల వీధి మలుపు తిరిగిందో లేదో నా మీద నాకే ఒళ్ళు మండింది. ఆ పుస్తకం కంఠతా పట్టిన మనిషినే నేను. పట్టి, ఒక ఇంటికి రావలసిన పిల్లని రాకుండా చేశాను. ఆ సంగతి చెప్పకుండా పిల్లకి కాఫీ ఇచ్చి పంపిస్తే నేను చేసిన ఉద్యోగానికి అర్థమేముంది? అందుకని ఇది రాస్తున్నాను.

నేను కాకినాడలో ఒక శిశుగృహలో సోషల్ వర్కర్‌గా చేసి రిటైరయ్యాను. శిశుగృహ అంటే ఎవరూ లేని పసిపిల్లల్ని పెంచి, దత్తత ఇచ్చే చోటు. పిల్లలు కావాలనుకున్నవాళ్ళు ఆన్‌లైన్‌లో దరఖాస్తు పెట్టుకుంటారు. నేను వాళ్ళ ఇంటికెళ్ళి, ఇల్లూ మనుషుల్నీ చూసి, వీళ్ళకి పిల్లనివ్వచ్చనో ఇవ్వకూడదనో రాయాలి. దాన్నే హోమ్ స్టడీ అంటాం. ఇవ్వచ్చని రాస్తే వాళ్ళు వరసలో నిలబడతారు. దేశం మొత్తానికీ అదొకటే వరస, దాన్ని కంప్యూటర్ నడుపుతుంది, మన చేతిలో ఉండదు. ఇవ్వకూడదని రాస్తే వాళ్ళు వరసలోకే రారు. అంటే మన చేతిలో ఉన్నది గుమ్మం ఒక్కటే. ఆ గుమ్మం దగ్గర నేను ఎలా నిలబడ్డానో చెబుతాను.

నా ప్రమోషన్ల గురించి, పే రివిజన్ల గురించి ఇక్కడేమీ ఉండదు. నాకు ఇద్దరు పిల్లలు. పెళ్ళయిన ఏడాదికొకరు, మూడేళ్ళకొకరు, అడక్కుండానే వచ్చారు. ఇది ముందే ఎందుకు చెబుతున్నానంటే, కావాలని అడగాల్సి రావడం ఎలా ఉంటుందో నాకు తెలియదు. తెలియని మనిషి రాసిన రిపోర్టులు అవన్నీ.

కాంతమ్మగారు

నేను చేరినప్పుడు మా పైఅధికారి కాంతమ్మగారు. భారీ మనిషి. ఎండైనా వానైనా చేతిలో గొడుగు. ఏ ఇంటికెళ్ళినా ముందు మంచినీళ్ళడిగి తాగేది. ఎవరు తెచ్చిస్తున్నారు, భర్త లేస్తున్నాడా, అత్తగారు కోడల్ని కసురుతోందా, అన్నీ ఆ గ్లాసుడు నీళ్ళలోనే చూసేసేది. ఇంట్లో ఉండగా ఫైలు విప్పేది కాదు. తిరుగు బస్సులో కూర్చుని రాసుకునేది.

నేను అలా కాదు. గుమ్మంలోనే ఫైలు తెరిచి, కనిపించినవాటికి కనిపించినట్టు టిక్కులు పెట్టుకుంటూ లోపలికెళ్ళేదాన్ని. ఫ్యాను ఉంది, టిక్కు. బాత్‌రూము ఉంది, టిక్కు. ఒకసారి ఆవిడ నాతోపాటు వచ్చి, బయటికొచ్చాక అంది, "ఏవమ్మా, కరెంటు మీటరు చూడ్డానికొచ్చావా?" నాకు రోషం వచ్చింది. నా పని చురుగ్గా ఉందని ఈవిడకి కడుపుమంట అనుకున్నాను.

ఆవిడ నేర్పిన పద్ధతి ఒకటుంది. ప్రతి ఇంటికీ రెండుసార్లు వెళ్ళాలి. ఒకసారి చెప్పి, ఒకసారి చెప్పకుండా. మొదటిసారి వాళ్ళు చూపించింది చూడు, రెండోసారి నువ్వు చూడు అనేది. ఇది నాకు భలే నచ్చింది. చెప్పకుండా వెళ్ళడమంటే దొంగని పట్టుకోవడం లాంటిది అనుకున్నాను. ఎందుకు వెళ్ళమంటోందో అడగలేదు. అడగకపోవడం అప్పటినుంచే నాకు అలవాటు.

సముద్రం పక్క ఇల్లు

కాంతమ్మగారు రిటైరై సామర్లకోటలో స్థిరపడ్డాక, కొన్నాళ్ళకి ఉప్పాడ వైపు ఒక మత్స్యకారుల పల్లె నుంచి దరఖాస్తు వచ్చింది. ఆవిడ పేరు నూకరత్నం, చేపలమ్ముతుంది. భర్త సత్తిబాబు, బోటు మీద వేటకెళతాడు. ఇద్దరికీ నలభై అటూ ఇటూ. రెండుసార్లు కడుపు నిలిచి, పోయింది. పాపని అడుగుతున్నారు.

అవి వేట నిషేధం రోజులు. బోట్లన్నీ ఒడ్డునే ఉన్నాయి, మగవాళ్ళు ఇళ్ళ ముందు కూర్చుని వలలు బాగుచేసుకుంటున్నారు. ముందుగా చెప్పే వెళ్ళాను. వీధి మొదట్లోనే ఎవరో "మేడంగారొచ్చేరు" అని కేకేశారు. ఆ కేక నాకన్నా ముందు ఆ ఇంటికి చేరింది.

రెండు గదుల రేకుల ఇల్లు. ఇంతకుముందున్న ఇల్లు సముద్రం కోతలో పోయిందట, ఇది రెండోది. లోపల చూస్తే మాత్రం నాకు ఆశ్చర్యమేసింది. ఫ్రిజ్ ఉంది, తలుపు మీద రామచిలక స్టిక్కరు. అద్దం బీరువా ఉంది. డబుల్ కాట్ మంచం, పరుపు. టేబుల్ ఫ్యాను. ఒకటే రంగు ప్లాస్టిక్ కుర్చీలు ఆరు. నేను గబగబా టిక్కులు పెట్టుకున్నాను. గుమ్మం నిండా వీధి జనం. అందులో ఒక ముసలావిడ, మాటిమాటికీ లోపలికొచ్చి ఫ్రిజ్ హ్యాండిల్ కొంగుతో తుడిచి వెళుతోంది. నాకు నవ్వొచ్చింది. ఎవరీవిడ, ఎందుకు తుడుస్తోంది అని మాత్రం అడగలేదు.

ఒక మూల దూలానికి నీలం రంగు ఉయ్యాల వేలాడుతోంది. దగ్గరికెళ్ళి చూస్తే, వల.

"ఇదేంటి?" అన్నాను.

సత్తిబాబు లేచి నిలబడ్డాడు. పొడుగ్గా, ఎండకి మాడిన మనిషి. "ఉయ్యాలండి. వల దారంతో నేనే అల్లేనండి. ఎంత పిల్లనిస్తారో తెలీదు కదండి. రెండేళ్ళ దాకా సరిపోద్దండి."

"తెగదా?"

"సంద్రంలో చేపలకే తెగదండి," అని తల దించుకుని నవ్వాడు.

ఫారంలో ఒక గడి ఉంటుంది, దత్తత తీసుకోవడానికి కారణం అని. నేను అడిగాను. నూకరత్నం చీరకొంగు భుజాల చుట్టూ కప్పుకుని, నా కుర్చీ పక్కన నేల మీద కూర్చుంది. కుర్చీలో కూర్చోమంటే వినలేదు.

"సాయంత్రం కాకినాడలో చేపలమ్ముకొని ఆటో దిగుతానండి. నాతోపాటు ఇంకో నలుగురు ఆడాళ్ళు దిగుతారు. వాళ్ళ పిల్లలు గుమ్మాల్లోంచి పరిగెత్తుకొస్తారండి, అమ్మ బుట్టలో ఏం తెచ్చిందోనని. నేనూ తెస్తానండి, ఏవో కాజాలో, జంతికలో. ఊరికే దిగితే బాగోదని. మరి నాకెవరూ ఎదురు రారు కదండి. వాళ్ళ పిల్లలకే పెట్టేసి లోపలికొచ్చేస్తానండి. నేనడిగేది ఎక్కువేం కాదండి. ఆటో దిగితే ఒక పిల్ల ఎదురు రావాలి."

ఆ గడిలో చోటు ఒక్క లైనుకే ఉంది. 'సంతానం లేనందున' అని రాశాను.

రెండోసారి

వారం తిరక్కుండా, చెప్పకుండా వెళ్ళాను. మధ్యాహ్నం భోజనాల వేళ. ఇంట్లో అడుగుపెడితే ఖాళీ. ఫ్రిజ్ లేదు, బీరువా లేదు, మంచం లేదు. ఒక చాప, రేకు పెట్టె, గ్యాస్ పొయ్యి. మూల ఉయ్యాల మాత్రం ఉంది. ఎదురింటి తలుపు తీసుంది. లోపల రామచిలక స్టిక్కరు ఫ్రిజ్, దాని పక్కన ఆ ముసలావిడ.

"ఆ ఫ్రిజ్ ఏది?" అన్నాను. నా గొంతు నాకే కటువుగా వినిపించింది.

నూకరత్నం తడబడలేదు సరిగదా, నవ్వింది. "అది గంగమ్మ పిన్నిదండి. మీరొస్తున్నారని మా ఇంట్లో పెట్టుకోమందండి. బీరువా చివరింటోళ్ళది, మంచం మా ఆయన అన్నగారిది. మా వీధిలో అంతేనండి. పెళ్ళిచూపులకి ఎవరింటికి చుట్టాలొచ్చినా, వీధిలో సామానంతా ఆ ఇంట్లోకే ఎక్కుద్దండి. వచ్చినాళ్ళకీ తెలుసు. పిల్లకి ఇంతమంది ఉన్నారని చూపించుకోవడమండి. మీరూ పిల్లనివ్వడానికే వచ్చేరు కదండి."

ఇప్పుడు రాస్తుంటే ఆవిడ ఎంత విడమరిచి చెప్పిందో తెలుస్తోంది. అప్పుడు నాకు ఒక్క ముక్క ఎక్కలేదు. మాది ద్రాక్షారామం దగ్గర వ్యవసాయ కుటుంబం. ఇంట్లో శుభకార్యానికి పక్కింటి గంగాళం తెస్తే, వచ్చినవాళ్ళందరికీ అది ఫలానావాళ్ళదని మా నాన్నగారు పనిగట్టుకుని చెప్పేవారు. పరాయి సొత్తు మన ఇంట్లో మెరిస్తే తలవంపులు అని పెరిగినదాన్ని. పైగా నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. నన్నింత వెర్రిదాన్ని చేస్తారా అని బుసబుసలాడుతూ బయటికొచ్చేశాను. గంగమ్మ వెనకాలే వచ్చి, "ఎండలో వచ్చేరు, కూల్‌డ్రింక్ తాగి వెళ్ళండమ్మా, ఫ్రిజ్‌లో ఉంది," అంది. నేను వెనక్కి తిరగలేదు.

ఆఫీసుకొచ్చి రాశాను. 'దరఖాస్తుదారులు వాస్తవాలను కప్పిపుచ్చి, అధికారిని తప్పుదోవ పట్టించే ప్రయత్నం చేశారు. సిఫార్సు చేయడం లేదు.' రాసి, రెండుసార్లు చదువుకున్నాను. నా భాష నాకు నచ్చింది కూడా.

అప్పటి మా సూపరింటెండెంటుగారు సంతకం పెడుతూ, "ఆస్తి లేదని రాస్తే పైనుంచి ప్రశ్నలొస్తాయండి. అబద్ధమాడారని రాస్తే ఎవరూ అడగరు. బాగా రాశారు," అన్నారు. ఆయన చెడ్డవాడని అనను. ప్రశ్న రాకుండా ఉండడమే పని అనుకునే మనిషి. అలాంటి పైఅధికారి మీకూ దొరుకుతాడు. ఆయన మెచ్చుకున్న రోజున మీ కాగితం ఇంకోసారి చదువుకోండి.

నేనన్న మాట

కాదన్న కాగితం అందిన మర్నాడే నూకరత్నం వచ్చింది. బజారు నుంచి అటునుంచటే వచ్చినట్టుంది, చేపల బుట్ట గేటు బయటే పెట్టి, చేతులు కుళాయి దగ్గర కడుక్కుని మరీ లోపలికొచ్చింది. కాగితం ఇంగ్లీషులో ఉంది. నేనే చదివి తెలుగులో చెప్పాను, అబద్ధం చెప్పారు కాబట్టి ఇవ్వడం లేదని.

ఆవిడ తడి చేతులు కొంగుకి తుడుచుకుంది. "అబద్ధం ఎప్పుడు చెప్పేనండి? ఫ్రిజ్ ఎవరిదని మీరు అడగలేదు కదండి. అడిగితే చెప్పేదాన్ని కదండి," అంది.

సమాధానం లేనప్పుడు అధికారులు ఏం చేస్తారో అదే చేశాను, ఫైలు అటూ ఇటూ తిప్పాను.

"పోనీ ఏ సామాను ఉంటే ఇస్తారో చెప్పండమ్మా. చెబితే కొనుక్కుంటాం," అంది.

ఆ రోజు ఇంకో ఇద్దరు బయట కూర్చుని ఉన్నారు, జిల్లా ఆఫీసు నుంచి ఫోన్ వస్తోంది. విసుక్కుంటూ అనేశాను, "ముందు సొంతంగా ఒక ఇల్లులా అమర్చుకోండి. తర్వాత చూద్దాం."

"ఆయ్. అలాగేనండి," అంది. దండం పెట్టి, సంతోషంగా వెళ్ళింది. నాకు ఒక తలనొప్పి వదిలిపోయిందనిపించింది.

నేను చెప్పనిది ఇంకొకటుంది. మనం కాదంటే, దరఖాస్తు పెట్టినవాళ్ళు పైఅధికారులకి అప్పీలు పెట్టుకోవచ్చు. ఆ సంగతి కాగితం అడుగున చిన్న అక్షరాల్లో ఉంటుంది. మనం నోటితో చెప్పి తీరాలి. నేను చెప్పలేదు. మరిచిపోలేదు, చెప్పలేదు. అప్పీలుకి వెళితే నా రిపోర్ట్ మళ్ళీ తవ్వుతారని. ఈ నాలుగు పేజీల్లో మీరు ఒక్కటే గుర్తుపెట్టుకోదలిస్తే ఇది పెట్టుకోండి.

వెనక్కొచ్చిన పాప

అదే నెలలో కాకినాడలోనే ఒక ఫ్లాటుకి హోమ్ స్టడీకి వెళ్ళాను. భార్యాభర్తలిద్దరూ పెద్ద ఉద్యోగాలు. పాప కోసం గది, గోడకి మేఘాల బొమ్మలు. అన్నీ సొంతం, అన్నిటికీ బిల్లులున్నాయి. రెండోసారి చెప్పకుండా వెళితే కూడా ఇల్లు అలాగే ఉంది. ఇంత చక్కటి రిపోర్ట్ నేనెప్పుడూ రాయలేదు. ఏడాదిన్నరకి వాళ్ళ వంతు వచ్చింది. మా శిశుగృహలోనే పెరుగుతున్న మూడేళ్ళ పాపని తీసుకెళ్ళారు.

రెండు నెలలకి ఫోన్ చేశారు. పాప రాత్రిళ్ళు ఏడుస్తోందట, అన్నం ఉమ్మేస్తోందట, వాళ్ళకి ఆఫీసులో పని అవడం లేదట. "మావల్ల కాదండి. వచ్చి తీసుకెళ్ళండి," అన్నారు. నచ్చచెప్పి చూశాను. ఆవిడ ఏడ్చింది, ఆయన పాప గది ఖాళీ చేసేశాడు. వాళ్ళని నేను తిట్టను. ఎవరి సాయమూ లేకుండా ఇద్దరే మిగిలిపోయారు. పై ఫ్లోరులో ఎవరుంటారో కూడా వాళ్ళకి తెలియదు. అది నా ఫారంలో అడగలేదు, నేనూ అడగలేదు.

ఆటోలో పాపని ఒళ్ళో పెట్టుకుని తెచ్చాను. కొత్త గౌను, కొత్త చెప్పులు. సగం దారిలో, "ఇప్పుడు ఏ ఇల్లు?" అని అడిగింది. నాకు ఉప్పాడ వైపు వీధి కళ్ళముందుకొచ్చింది. గుమ్మం నిండా జనం, ఫ్రిజ్ హ్యాండిల్ తుడుస్తున్న ముసలావిడ, మూల నీలం ఉయ్యాల. ఈ పిల్ల రాత్రి ఏడిస్తే ఆ వీధిలో ఎన్ని తలుపులు తెరుచుకునేవో అనిపించింది. పాప తల మీద చెయ్యేసి, "మన ఇల్లే," అన్నాను. తర్వాత ఆ పాప వరసలో ఇంకెవరికో, వేరే రాష్ట్రం వెళ్ళింది. బాగుందని విన్నాను.

ఆ ఆదివారం సామర్లకోట వెళ్ళి కాంతమ్మగారికి రెండు ఇళ్ళ సంగతీ చెప్పాను. ఆవిడ ముందు మంచినీళ్ళిచ్చింది. అంతా విని, "రెండోసారి చెప్పకుండా వెళ్ళమన్నది దొంగల్ని పట్టుకోడానికనుకున్నావుటే?" అంది. "మొదటిసారి మనల్ని చూసి భయపడి చస్తారు వాళ్ళు. పిల్లనిచ్చే దేవుళ్ళం కదా మనం. భయంలో ఏదో ఒకటి చేస్తారు. ఆ భయం తీరాక ఎలా ఉంటారో చూడమన్నాను. ఆవిడ నవ్వుతూ చెప్పిందన్నావు. ఇంక నువ్వు చూడాల్సిందేముంది?"

నాకు తల కొట్టేసినట్టయింది. వెళ్ళి, అప్పీలు సంగతి చెప్పాలి, కావాలంటే నేనే రాసిపెట్టాలి అనుకుంటూ రైలెక్కాను. వెళ్ళలేదు. ఈ వారం, వచ్చే వారం అనుకున్నాను. ఏ ముఖం పెట్టుకుని వెళ్ళను అనుకున్నాను. వాళ్ళు ఈపాటికి ఆశ వదిలేసుకుని ఉంటారులే అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. అలా ఏళ్ళు గడిచిపోయాయి. మొదటి తప్పు కోపంలో జరిగింది. ఇది మాత్రం తెలిసి తెలిసి చేసింది.

అన్నీ అమిరాయి

నేను రిటైరవడానికి ఇంకా ఏడాది ఉందనగా ఫోన్ వచ్చింది. కొత్త నంబరు.

"మేడంగారూ, నూకరత్నాన్నండి. అన్నీ అమిరాయండి. ఓసారి వచ్చి చూసుకోండి."

ఏమి అమిరాయో నాకు ఒక నిమిషం అర్థం కాలేదు. ఆ సాయంత్రమే వెళ్ళాను, ఫైలు లేకుండా.

ఇల్లు అదే. లోపల ఫ్రిజ్, అద్దం బీరువా, డబుల్ కాట్ మంచం, టేబుల్ ఫ్యాను, ఒకటే రంగు కుర్చీలు ఆరు. ఆ రోజు నేను ఏవేవి చూసి టిక్కు పెట్టానో అవన్నీ గుర్తుపెట్టుకుంది. వేట సీజనుకి ఒకటి చొప్పున కూడబెట్టి కొన్నారు. ఫ్రిజ్ మీద ప్లాస్టిక్ కవరు తియ్యలేదు, ప్లగ్గు పెట్టలేదు. ఎందుకని అడిగితే, "వాడితే పాతదైపోద్ది కదండి. మీరు చూసేదాకా కొత్తగా ఉండాలని," అంది. చేపలమ్ముకునే మనిషి ఇంట్లో ఫ్రిజ్ పెట్టుకుని, చేపలకి ఐసు బయట కొంటోంది.

"ఇవన్నీ మనవేనండి. బిల్లులు కూడా ఉన్నాయండి," అని సత్తిబాబు ఒక కవరు నా చేతిలో పెట్టాడు. ఇద్దరి జుట్టూ నెరిసింది. గుమ్మంలో వీధి జనం ఉన్నారు, గంగమ్మ కర్రపట్టుకుని నిలబడింది.

నేను ఆ కుర్చీలో కూర్చుని ఏడ్చాను. ఉద్యోగంలో ఎప్పుడూ ఎవరింట్లోనూ ఏడవలేదు. "సామాను కోసం కాదమ్మా," అని చెప్పాను. "నేను ఆ రోజు విసుగులో అన్నాను. తప్పు నాది. అప్పుడే అప్పీలు పెట్టుకోవచ్చని చెప్పి ఉండాల్సింది. చెప్పలేదు."

నూకరత్నం నన్ను తిట్టలేదు. తిట్టినా బాగుండేది. "అయితే ఇప్పుడు ఇస్తారా అండి?" అంది.

చెప్పాల్సింది అసలు అదే. దత్తతకి భార్యాభర్తల వయసులు రెండూ కలిపి లెక్కేస్తారు. ఆ లెక్క పెరిగినకొద్దీ పసిపిల్లలు రారు, పెద్ద పిల్లలే వస్తారు. నేను వేళ్ళ మీద లెక్కేశాను. మొదటిసారి వాళ్ళ లెక్క ఉయ్యాలలో పిల్లకి సరిపోయింది. ఇప్పుడు నాలుగేళ్ళు దాటిన పిల్లకే సరిపోతుంది. చెప్పాను.

సత్తిబాబు లేచి, దూలం నుంచి ఉయ్యాల విప్పి, ఒళ్ళో పరుచుకుని చూశాడు. "అయితే ఇది చాలదండి. ఎంతెత్తుంటుందండి నాలుగేళ్ళు దాటిన పిల్ల?"

నేను నేల నుంచి చెయ్యెత్తి చూపించాను. ఆయన వల అల్లే సూదీ, నీలం దారం తెచ్చుకుని గుమ్మంలో వెలుతురుకి కూర్చున్నాడు.

నూకరత్నం నా పక్కనే నేల మీద కూర్చుని అడిగింది, "పెద్ద పిల్లంటే వాళ్ళమ్మ గుర్తుంటాది కదండి?"

"ఉండొచ్చు."

"ఉంటే చెప్పుకుంటుందిలెండి. వింటాం."

కొత్త రిపోర్ట్ నేనే రాశాను. ఈసారి ఫ్రిజ్ గురించి నిజంగా రాశాను. ఎదురింటి గంగమ్మ తన ఇంట్లో ఉన్న ఒక్క ఫ్రిజ్ వీళ్ళకి పిల్ల వస్తుందంటే మోయించి ఇచ్చిందని, ఈ పిల్లకి వీధంతా పెద్దదిక్కని, ఇంతకుముందు రాసిన రిపోర్ట్ నా పొరపాటని. సూపరింటెండెంటుగారు తల పట్టుకున్నారు. "మీ రిపోర్ట్ మీరే తప్పంటే ఎలాగండి? ప్రశ్నలొస్తాయి." రానివ్వండి, నేను చెబుతాను అన్నాను. వచ్చాయి, చెప్పాను. వాళ్ళు వరసలో చేరారు. నేను రిటైరయ్యాను.

ఇప్పుడు

వరస నెమ్మదిగా కదులుతోంది. నూకరత్నం నెలకోసారి నాకు ఫోన్ చేస్తుంది. నేనిప్పుడు ఆఫీసులో లేనమ్మా అని చెప్పాను. "తెలుసండి, మీరైతే తెలిసినాళ్ళు," అంటుంది. అన్నేళ్ళు ఆలస్యం చేసింది ఎవరో తెలిసి కూడా అలా అంటుంది. ఫ్రిజ్‌కి ఇప్పుడు ప్లగ్గు పెట్టారు. గంగమ్మ కిందటేడు పోయింది.

వాళ్ళ వయసుల లెక్క మళ్ళీ గట్టు దాటబోతోంది. ఇక ఎనిమిదేళ్ళు దాటిన పిల్లే. నేను రాసిన రిపోర్ట్‌కి గడువు మూడేళ్ళు, అదీ తీరబోతోంది. మళ్ళీ ఒకరు ఆ ఇల్లు చూసి రాయాలి. ఆ ఫైలు మీ ఆఫీసులోనే ఉంది, అమ్మాయ్. మొన్న నిన్ను పంపించేశాక అదే గుర్తొచ్చింది. ఆ గుమ్మంలోకి వెళ్ళేది నువ్వే. వెళ్ళు, ముందు మంచినీళ్ళడుగు, ఫైలు బస్సులో రాసుకో. వీధి జనం గుమ్మంలోకొస్తే ఎవరేంటో ఒక్కొక్కరినీ అడుగు. వచ్చే వారం వెళదాంలే అనుకోకు.

నిన్న సాయంత్రం నూకరత్నం ఫోన్ చేసింది.

"ఏమన్నా తెలిసిందాండి?"

"ఇంకా లేదమ్మా." ఎనిమిదేళ్ళ సంగతి చెప్పాను. దాచడం మానేశాను ఈవిడ దగ్గర.

అవతల ఆ సంగతి భర్తకి చెబుతున్నట్టు వినిపించింది. తర్వాత, "మా ఆయన అడగమంటున్నారండి. ఎనిమిదేళ్ళు దాటిన పిల్లంటే ఎంతెత్తుంటుందండి? ఉయ్యాలకి ఇంకో నాలుగు వరసలెయ్యాలేమోనని. ఇప్పటికే నేల తగిలేస్తోందండి, దూలం ఎత్తి కట్టాలంటున్నారు."

మా మనవరాలికి ఎనిమిదేళ్ళు వెళ్ళి తొమ్మిదోది. టీవీ ముందు కూర్చుంది. ఫోన్ చెవి దగ్గరే పెట్టుకుని దాన్ని పిలిచాను. గోడకి ఆనించి నిలబెట్టాను. ఎందుకు అమ్మమ్మా, ఎందుకు అని కదిలిపోతుంటే భుజం పట్టుకుని, పాదాల నుంచి తల దాకా జానలతో కొలిచాను.

"ఆరు జానలమ్మా. పైన నాలుగు వేళ్ళు," అన్నాను.

"ఉండండి," అని ఫోన్ పక్కన పెట్టింది. ఆవిడ భర్తకి గట్టిగా చెబుతుంటే నాకిక్కడికి వినిపించింది. ఆరు జానలంట, పైన నాలుగు వేళ్ళంట, కొంచెం ఎక్కువే వెయ్యి, వచ్చేసరికి ఇంకా ఎదుగుద్ది.